ఒంటరి పడవ – ధర్మానికి జోలె

ధర్మకార్యానికి ధనం సేకరించడం కొరకు మనిషి తన ప్రాణాన్ని పణంగా పెట్టవచ్చునా అనే ప్రశ్న కొత్తది కాదు. అయితే గత కొన్ని దశాబ్దాలుగా ఆ ప్రశ్న ఒక విచిత్రమైన రూపం ధరించింది. ఒక్క మనిషి, చిన్న పడవలో, తెరచాప లేకుండా, యంత్రం లేకుండా, కేవలం తెడ్ల బలంతో మహాసముద్రాన్ని దాటడానికి బయలుదేరుతాడు. తన ప్రయాణాన్ని చూచి తోచినంత ఫలానా ఆసుపత్రికో, ఫలానా అనాథాశ్రమానికో ఇవ్వవలసిందని లోకాన్ని వేడుకొంటాడు. లోకం ఇస్తుంది. దీనిని దానమనవలెనా, డంబమనవలెనా? సాహసమనవలెనా, దుస్సాహసమనవలెనా? సముద్రానికి వందల కిలోమీటర్ల దూరాన ఉన్న మన కళాశాలకు ఈ చర్చతో ఏమి పని అని పాఠకులు శంకించవచ్చు. పని ఉన్నది. దానికి తరువాత వస్తాము.

ముందుగా చరిత్ర కొంత చెప్పుకోవడం అవసరం. అట్లాంటిక్ మహాసముద్రాన్ని తెడ్లతో దాటిన మొదటివారు జార్జి హార్బో, ఫ్రాంక్ శామ్యూల్సన్ అనే ఇద్దరు నార్వే దేశీయులు. 1896లో న్యూయార్కు నుండి బయలుదేరి 55 రోజులకు ఇంగ్లండుకు చెందిన సిల్లీ దీవులు చేరారు. వారి ఉద్దేశం దానం కాదు. పేరు వస్తుంది, పేరుతో పాటు నాలుగు డబ్బులు వస్తాయి అనేదే వారి ఆశ. పేరు కొంత వచ్చింది, డబ్బు మాత్రం రాలేదు. తరువాత డెబ్బై సంవత్సరాలకు, 1966లో, జాన్ రిడ్జ్‌వే, చే బ్లైత్ అనే ఇద్దరు బ్రిటిష్ సైనికులు 92 రోజుల్లో అమెరికా తీరం నుండి ఐర్లండు దీవులు చేరుకొన్నారు. ఆ యేడే బయలుదేరిన మరొక జంట, డేవిడ్ జాన్‌స్టన్, జాన్ హోర్, తిరిగి రాలేదు. వారి పడవ తలక్రిందులై సముద్రంలో తేలుతూ దొరికింది. పడవలో దినచర్య పుస్తకం దొరికింది, మనుషులు దొరకలేదు.

ఒంటరిగా దాటిన మొదటివాడు జాన్ ఫెయిర్‌ఫాక్స్. 1969 జనవరి 20న కానరీ దీవులలో పడవ ఎక్కి, 180 రోజులు తెడ్లు వేసి, జూలై 19న ఫ్లోరిడా తీరాన దిగాడు. మరునాడే మానవుడు చంద్రునిపై కాలు మోపాడు. లోకమంతా ఆకాశం వైపు చూస్తున్న దినాలలో ఒకడు చేతులతో సముద్రాన్ని దాటి వచ్చాడంటే పత్రికలలో అతనికి ఎంత చోటు మిగిలి ఉంటుందో ఊహించుకోవచ్చు. అదే సంవత్సరం టామ్ మెక్లీన్ న్యూఫౌండ్లాండులోని సెయింట్ జాన్స్ పట్టణం నుండి 70 రోజుల్లో ఐర్లండు చేరాడు. ఈ సెయింట్ జాన్స్ పేరును పాఠకులు గుర్తుంచుకోవలెనని మనవి. మరొక సందర్భంలో ఆ ఊరు మళ్లీ వస్తుంది.

వీరెవ్వరూ ప్రధానంగా పరోపకారం కొరకు బయలుదేరిన వారు కారు. సముద్రం దాటడం వారికి సముద్రం దాటడమే. ఈ ఒంటరి యాత్రకు ధర్మనిధి జోడు కావడం తరువాతి తరం వారి వలన జరిగింది. నేడు కానరీ దీవులలోని లా గొమేరా నుండి కరీబియన్ సముద్రంలోని ఆంటిగ్వా దీవి వరకు, సుమారు 3,000 మైళ్లు, ప్రతి సంవత్సరం డిసెంబరులో పడవలు బయలుదేరుతున్నాయి. వాటిలో ఒంటరివారు కొందరే. కాని దాదాపు ప్రతి పడవ వెనుకా ఒక ధర్మసంస్థ పేరు ఉంటుంది.

ఆ దారి ఎంపికకు కారణం ఉన్నది. నవంబరు ముగిసేసరికి అట్లాంటిక్ తుఫానుల కాలం వెళ్లిపోతుంది. ఈశాన్యం నుండి వీచే వాణిజ్య పవనాలు, వాటితో కలిసి నడిచే ప్రవాహం పడవను పడమటికి తోస్తాయి. 1492లో కొలంబస్ నావలు చివరిసారిగా నీళ్లు నింపుకొని బయలుదేరినది కూడా ఈ లా గొమేరా నుండే. కాబట్టి గాలి సహాయం లేదని అనరాదు. అయితే గాలి తోసినంత మాత్రాన పడవ దానంతటది ఆంటిగ్వా చేరదు. పడవలో ఒక చివర మనిషి పడుకొన్నంత మేర గది ఉంటుంది; తలుపు బిగిస్తే నీరు చొరదు, పడవ బోర్లా పడినా తిరిగి లేచేటట్లు దాని నిర్మాణం. పైన సూర్యరశ్మిని విద్యుత్తుగా మార్చే పలకలు, ఆ విద్యుత్తుతో ఉప్పునీటిని మంచినీరుగా మార్చే చిన్న యంత్రం. ఆ యంత్రం చెడిపోయిన నాడు చుట్టూ నీరే ఉన్నా త్రాగడానికి చుక్క కరవు. మనిషి రోజుకు పన్నెండు గంటలకు తక్కువ కాకుండా తెడ్లు వేయవలె. ఇద్దరు ఉన్నచోట ఒకరు నిద్రించినా పడవ నడుస్తుంది. ఒంటరివాడు నిద్రిస్తే పడవ గాలి ఇష్టం. ఎదురుగాలి వీస్తే పగలంతా సంపాదించిన దూరం రాత్రికి రాత్రే పోవచ్చు. దానికి విరుగుడుగా గొడుగు వంటి పెద్ద గుడ్డను నీటిలోకి విడిచి పడవను పట్టి ఉంచుతారు. ఉప్పు, చెమట, నిరంతర రాపిడి కలిసి కూర్చునే చోట పుండ్లు పడతాయి. అరచేతుల సంగతి చెప్పనక్కర లేదు. పడవ అడుగున అంటుకొనే సముద్రజీవులు వేగాన్ని తగ్గిస్తాయి గనుక నడిసముద్రంలో దిగి గీకి శుభ్రం చేయవలసి వస్తుంది.

బ్రిటిష్ వనిత రోజ్ శావేజ్ 2005-06లో 103 రోజులు అట్లాంటిక్‌పై ఒంటరిగా గడిపింది. ఆమె తెచ్చుకొన్న నాలుగు తెడ్లూ విరిగాయి. విరిగిన వాటికే కట్లు కట్టి నడిపింది. చివరి వారాలలో ఉపగ్రహ టెలిఫోను కూడా మూగబోయింది. ఆ తరువాత పసిఫిక్, హిందూ మహాసముద్రాలను సైతం ఆమె దాటింది, సముద్రాలలో పేరుకొంటున్న కాలుష్యం గురించి లోకానికి చెప్పడం కొరకు. ఆమె 2024లో బ్రిటిష్ పార్లమెంటుకు ఎన్నికైంది. తెడ్డు పట్టిన చేతులకు పార్లమెంటు బల్ల ఏమంత బరువు అనిపించి ఉండదు.

మనకు దగ్గరి ఉదాహరణ మరొకటి ఉన్నది. 2007లోనే భావిక్ గాంధీ అనే భారతీయుడు 106 రోజుల్లో అట్లాంటిక్‌ను ఒంటరిగా దాటాడు. కాని మా దృష్టిని ఎక్కువగా ఆకర్షించినది అనన్య ప్రసాద్ ప్రయాణం. ఆమె బెంగుళూరులో పుట్టి ఇంగ్లండులో పెరిగింది. కన్నడ రాష్ట్రకవి జి.ఎస్. శివరుద్రప్ప మనుమరాలు. 2024 డిసెంబరులో లా గొమేరా నుండి బయలుదేరి 52 రోజుల 5 గంటల 44 నిమిషాలలో ఆంటిగ్వా చేరింది. శ్వేతేతర స్త్రీలలో ఈ సముద్రాన్ని ఒంటరిగా తెడ్లతో దాటిన మొదటి వ్యక్తి ఆమెయే. ఆమె ధనం కోరినది రెండు సంస్థల కొరకు. ఒకటి మానసిక ఆరోగ్యం కొరకు పనిచేసే బ్రిటిష్ సంస్థ. రెండవది మన పొరుగు రాష్ట్రమైన కర్ణాటకలో, చామరాజనగరంలో, దిక్కులేని పిల్లలను పెంచి చదువు చెప్పించే దీనబంధు సంస్థ. చామరాజనగరం పేరు అట్లాంటిక్ నడుమ ఒక పడవ వలన ఇంగ్లండులోని ఇళ్లలో వినిపించింది. ఆ ఆశ్రమపు పిల్లలలో చాలామంది సముద్రాన్నే చూచి ఉండరు.

ఇక ఆక్షేపణలకు వస్తాము. వాటిలో కొన్ని బలమైనవే.

పడవకు, పరికరాలకు, శిక్షణకు అయ్యే ఖర్చు తక్కువేమీ కాదు. ఆ ధనమే నేరుగా అనాథలకు ఇస్తే పోదా అని కొందరు అడుగుతారు. ఈ ఆక్షేపణకు సమాధానం సులభం. పడవ కొనడానికి వ్యాపారసంస్థలు ఇచ్చే ధనం అనాథలకు అడిగితే వచ్చే ధనం కాదు. అది ప్రకటనల పద్దులోనిది. పడవ ఖర్చును, దాననిధిని రెండు వేరు పద్దులుగా వ్రాసి బహిరంగంగా చూపిన వారిపై ఈ నింద నిలువదు. చూపని వారిని మేము సమర్థించబోము.

రెండవ ఆక్షేపణ అంత సులభమైనది కాదు. ఆపదలో చిక్కుకొన్న వారిని ఆదుకోవడం సముద్ర న్యాయం ప్రకారం ప్రతి నౌకాధిపతి విధి. సాహసికుడు తనంతట తాను కొని తెచ్చుకొన్న ఆపద అయినా సరే, ఓడ దారి మళ్లించవలె, విమానం ఎగరవలె. 1998లో టోరీ మర్డెన్ అనే అమెరికా వనిత డేనియల్ తుఫానులో చిక్కి, చివరకు ఒక ఓడ సహాయంతో బయటపడింది. మరుసటి సంవత్సరం ఆమె మళ్లీ వెళ్లి 81 రోజుల్లో అట్లాంటిక్‌ను ఒంటరిగా దాటిన మొదటి స్త్రీ అయింది. 2018లో మన నౌకాదళానికి చెందిన అభిలాష్ టోమీ, ఆయనది తెరచాప పడవయే అయినా, హిందూ మహాసముద్రంలో వెన్నుకు దెబ్బ తగిలి కదలలేక పడి ఉండగా భారత, ఆస్ట్రేలియా విమానాలు వెదకగా ఫ్రెంచి నౌక ఒకటి రక్షించింది. అందరికీ అట్టి అదృష్టం ఉండదు. 75 సంవత్సరాల ఫ్రెంచి వృద్ధుడు జాన్-జాక్ సావాన్ 2022 జనవరిలో పోర్చుగల్ నుండి ఒంటరిగా తెడ్లు వేస్తూ బయలుదేరాడు. అజోర్స్ దీవుల సమీపాన అతని పడవ బోర్లపడి దొరికింది. అతడు ఇల్లు చేరలేదు.

తాను ఎవరికో మేలు చేయబోయి, తనను రక్షించడానికి మరెవరో ప్రాణం పణం పెట్టవలసిన స్థితిని కల్పించడం న్యాయమేనా? మా మాట యిది: సిద్ధపడక వెళ్లేవాడు న్యాయం తప్పినవాడే, అతని నోట ఎన్ని అనాథాశ్రమాల పేర్లు పలికినా. సంవత్సరాల తరబడి అభ్యాసం చేసి, సముద్రశాస్త్రం నేర్చి, తన మరమ్మతు తానే చేసుకోగలిగి, తుఫాను కాలం తప్పించి బయలుదేరేవాడు గనిలో దిగే కార్మికుని కంటే, చేపల వేటకు వెళ్లే మత్స్యకారుని కంటే ఎక్కువ తప్పు చేసినవాడు కాడు. వారు పొట్టకూటికి వెళ్లినారు కదా, ఇతడు వేడుకకు వెళ్లినాడు కదా అంటారేమో. కొంత నిజమే. ఆ వేడుకలోని పాలు ఎంతో, పరోపకారపు పాలు ఎంతో ఆ మనిషికి తప్ప మరొకరికి తెలియదు. తెలియని దానిపై తీర్పు చెప్పడం మాకు ఇష్టం లేదు.

మూడవది మన పెద్దలు తరచుగా చెప్పే మాట. కుడిచేయి ఇచ్చినది ఎడమచేతికి తెలియరాదు. గుప్తదానమే దానం, పత్రికలలో ఫొటో వేయించుకొని చేసేది వ్యాపారం. మన కళాశాలలో ఉర్దూ చదివే విద్యార్థి అయినా, తెలుగు చదివే విద్యార్థి అయినా ఈ నీతిని ఇంట విననివాడు ఉండడు. మేమూ దానిని శిరసావహిస్తాము. అయితే ఇక్కడ ఒక భేదం గమనించవలె. ఆ నీతి ఇచ్చేవానికి చెప్పినది, అడిగేవానికి కాదు. తన కొరకు కాక పరుల కొరకు చేయి చాచేవాడు నలుగురి ఎదుట చాచక తప్పదు. చందా అనే మాట రెండు భాషలలోనూ ఒక్కటే. చందా పుస్తకం పట్టుకొన్నవాడు వీధిలోకి రాకుండా ఏ మసీదుకూ, ఏ గుడికీ, ఏ బడికీ గోడ లేవలేదు. పడవలో ఉన్నవాడు దాత కాడు. అతడు జోలె పట్టినవాడు. దాతలు ఒడ్డున ఉన్నారు, వారిలో చాలామంది పేర్లు ఎన్నటికీ బయటికి రావు.

అడిగేవాడు కష్టపడితే ఇచ్చేవాని చేయి ఎందుకు కదులుతుంది? దీనికి సముద్రం దాకా పోనక్కర లేదు. 1951 ఏప్రిల్‌లో ఆచార్య వినోబా భావే శివరాంపల్లిలో జరిగిన సర్వోదయ సమ్మేళనానికి వార్ధా నుండి నడిచి వచ్చారు. రైలు లేక కాదు. సమ్మేళనం ముగిసిన తరువాత తెలంగాణ పల్లెలలో కాలినడకన తిరుగుతూ 18వ తేదీన పోచంపల్లి చేరారు. భూమి లేని హరిజన కుటుంబాలు 80 ఎకరాలు కావాలనగా, వెదిరె రామచంద్రారెడ్డి గారు నిలబడి 100 ఎకరాలు ఇస్తానన్నారు. కారులో వచ్చి ఉపన్యసించి వెళ్లిన నాయకుడు అడిగి ఉంటే ఆ నూరు ఎకరాలు వచ్చి ఉండేవా? దుమ్ము పట్టిన ఆ పాదాలే సగం మాట మాట్లాడాయని మా నమ్మకం. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన దివిసీమను ముంచినప్పుడు ఎన్.టి. రామారావు, అక్కినేని నాగేశ్వరరావు గార్లు వీధులలో జోలె పట్టి తిరిగారు. తెరపై చూచిన వారు ఎండలో నిలబడి అడుగుతుంటే జనం కాదనలేకపోయారు.

ఇప్పుడు సెయింట్ జాన్స్‌కు తిరిగి వస్తాము. 1980 ఏప్రిల్ 12న ఆ పట్టణపు సముద్రతీరాన టెర్రీ ఫాక్స్ అనే యువకుడు తన కృత్రిమ కాలును నీటిలో తడిపి పరుగు మొదలుపెట్టాడు. క్యాన్సరు వలన 18 యేండ్ల వయస్సులో కుడికాలు పోగొట్టుకొన్నవాడు. కెనడా ఈ కొన నుండి ఆ కొన దాకా పరుగెత్తి క్యాన్సరు పరిశోధనకు ప్రతి కెనడా పౌరుని నుండి ఒక్క డాలరు సేకరించవలెనని అతని సంకల్పం. తన పరుగు నుండి ఏ వ్యాపారసంస్థా లాభం పొందరాదని అతడు పట్టుబట్టాడు. మొదట్లో పట్టించుకొన్నవారు తక్కువ. పోర్ట్ ఓ బాస్క్ అనే చిన్న ఊరు మాత్రం 10,000 డాలర్లకు పైగా ఇచ్చి అతని ధైర్యం నిలిపింది. రోజుకు సుమారు 42 కిలోమీటర్ల చొప్పున 143 రోజులు, 5,373 కిలోమీటర్లు పరుగెత్తిన పిదప సెప్టెంబరు 1న వ్యాధి ఊపిరితిత్తులకు ప్రాకడంతో ఆగిపోయాడు. 1981 ఫిబ్రవరి నాటికి వసూలైన మొత్తం 2 కోట్ల 40 లక్షల డాలర్లు దాటింది. దేశ జనాభా దాదాపు అంతే. ఆ సంవత్సరం జూన్ 28న అతడు మరణించాడు. ఆవలి ఒడ్డు చేరనివాడు కోరిన మొత్తం మాత్రం చేరింది.

అయితే ధనం చేరడంతో పని ముగిసినట్లు కాదు. పోచంపల్లి పేరు నేటికీ భూదాన్ పోచంపల్లియే. కాని దేశంలో భూదానంగా వచ్చిన లక్షల ఎకరాలలో సాగుకు పనికిరానిది ఎంతో, వివాదాలలో చిక్కినది ఎంతో, పేదవాని చేతికి చేరనిది ఎంతో లెక్కలు తెలిసినవారు బాధతో చెప్పుకొంటారు. అడిగిన మహనీయుని తప్పు కాదది. అడిగిన తరువాత అప్పగించే పని చూచే యంత్రాంగం లేకపోవడం తప్పు. ఒంటరి నావికులలోను ఒడ్డు చేరిన సంబరంలో, సన్మానాల సందడిలో, ఏ ఆశ్రమం కొరకు బయలుదేరారో మరచేవారు లేకపోలేదు. ఏరు దాటి తెప్ప తగలేసినట్లు అని ఊరకే అనలేదు. దీనబంధు వంటి చిన్న సంస్థకు ఒక సంవత్సరం వచ్చిన విరాళం మరుసటి సంవత్సరం రాకపోతే, ఆ ధైర్యంతో చేర్చుకొన్న పిల్లలను ఏమి చేయవలె? ఈ ప్రశ్నను ప్రతి సాహసికుడు తెడ్డు పట్టక ముందే వేసుకోవలె.

ఇంతకూ మన కళాశాల సంగతి. ఈ విద్యాసంవత్సరం మన విద్యార్థులు కొందరు పేద విద్యార్థుల పరీక్ష రుసుము నిధి కొరకు హైదరాబాదు నుండి నాగార్జునసాగరం వరకు, సుమారు 150 కిలోమీటర్లు, సైకిళ్లపై వెళ్లదలచి, ఒక్కొక్క కిలోమీటరుకు ఇంత అని బంధువుల వద్ద, దుకాణదారుల వద్ద చందా మాట తీసుకొనడానికి కమిటీ వారి అనుమతి కోరారు. కమిటీలో అభిప్రాయభేదం వచ్చింది. విద్యార్థులు వీధిన పడి అడగడం కళాశాల గౌరవానికి భంగమని కొందరు పెద్దలు అన్నారు. దారిలో ప్రమాదం జరిగితే బాధ్యత ఎవరిదని మరికొందరు అన్నారు. రెండవ మాటను మేము మన్నిస్తున్నాము. లారీలు తిరిగే రహదారిపై సైకిలు తొక్కే కుర్రవాని తల్లికి అట్లాంటిక్ అలలకూ ఆ లారీలకూ భేదం కనిపించదు.

మొదటి మాటను మాత్రం మన్నించలేము. రుసుము కట్టలేక పరీక్షకు కూర్చోని విద్యార్థి మన తరగతులలోనే ఉన్నాడు. అతనికి అడగడానికి సిగ్గు. అతని బదులు అతని తోటివారు చెమటోడ్చి అడుగుతామంటే అందులో గౌరవభంగం ఎక్కడున్నదో మాకు బోధపడలేదు.

కావున కమిటీ వారికి మా విన్నపం. వైద్యుడు గల వాహనం ఒకటి వెంట నడవవలె. రాత్రిపూట సైకిలు తొక్కరాదు. ఆరోగ్య పరీక్షలో నెగ్గని వారిని, ఎంత పట్టుబట్టినా, పంపరాదు. ప్రతి రూపాయికి రసీదు ఇవ్వవలె. దారి ఖర్చులు ఒక పుస్తకంలో, నిధి మరొక పుస్తకంలో వ్రాసి, ఒక అధ్యాపకుడు, ఒక విద్యార్థి కలిసి సంతకం చేసి, ఆ లెక్క వచ్చే సంవత్సరపు ఈ సంచికలోనే అచ్చు వేయించవలె. సహాయం పొందిన విద్యార్థుల పేర్లు మాత్రం ఎక్కడా వేయరాదు. గుప్తత ఎవరికైనా కావాలంటే అది వారికి కావలె. జనవరి దాటితే ఎండలు ముదురుతాయి, ఆపైన పరీక్షలు వస్తాయి. అందువలన కమిటీ వారు తమ నిర్ణయాన్ని డిసెంబరు నెలలోపుననే తెలియజేయవలసిందిగా కోరుతున్నాము.